కంట్లో కండ

శివరామరాజుగారి రెండు కళ్ళలోనూ ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదికి చిన్న కండ పాకి ఉంది. అది ఎప్పుడు మొదలైందో ఆయనకే సరిగా గుర్తులేదు. వరి చేలు చేపల చెరువులైన కొత్తలో, పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా గట్ల మీదే తిరిగిన రోజుల్లో వచ్చి ఉంటుందని ఎవరైనా అడిగితే చెప్పేవారు. భీమవరం దగ్గర ఆ ఊళ్ళో ఆయన ఈడు రైతుల్లో చాలామందికి అలాంటిది ఉంది. అందుకని దాన్ని ఎవరూ జబ్బు కింద లెక్కవేయలేదు.

డెబ్బై దగ్గర పడుతుండగా ఆయన దాన్ని తీయించుకోవాలని పట్టుబట్టడానికి కారణం పాలకొల్లులో జరిగిన ఒక పెళ్ళి. పందిట్లో ముందు వరస కుర్చీలో కూర్చుని ఉంటే, పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన ఒకరు దగ్గరికి వచ్చి కళ్ళలోకి చూసి, "ఏంటి బావగారూ, అప్పుడే మొదలెట్టేశారా?" అని నవ్వారు. శివరామరాజుగారు పుట్టి బుద్ధెరిగి మందు ముట్టలేదు. ఎర్రబడ్డ ఆ కండ వల్ల తను అంత మాట పడాల్సి వచ్చిందని ఆయన భోజనం కూడా చేయకుండా ఇంటికి వచ్చేశారు. మర్నాడు పొద్దున్న కోడలిని పిలిచి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్దామన్నారు.

కోడలు జానకీదేవికి ముప్ఫై ఏడేళ్ళు. భర్త చైతన్యకు నడుములో డిస్కు దెబ్బతిని చాలాకాలమైంది. రొయ్యల చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటరును గట్టు మీదికి ఎక్కిస్తూ జారి పడ్డాడు. ఆపరేషన్ అయ్యాక నడవగలుగుతున్నాడు కానీ, ఎగుడుదిగుడు దారిలో బండి మీద వెళ్ళినా, కారులో ఎక్కువసేపు కూర్చున్నా మళ్ళీ మంచం ఎక్కాల్సి వస్తుంది. కాబట్టి మామగారిని జానకే కారులో భీమవరం తీసుకువెళ్ళింది. కారు నడిపే ఆడవాళ్ళు ఆ ఊరి రైతు కుటుంబాల్లో కొత్తేమీ కాదు.

డాక్టర్ గీతిక ఆయన గడ్డాన్ని యంత్రానికి ఆనించి, సన్నటి వెలుతురు వేసి రెండు కళ్ళూ చూసింది.

"దీన్ని కదపక్కర్లేదండి," అంది. "ఎప్పుడో వచ్చింది, పెరగడం కూడా ఎప్పుడో ఆగిపోయింది. చూపుకి అడ్డం లేదు. ఎరుపు తగ్గడానికి చుక్కల మందిస్తాను."

"చూడ్డానికి బాగోలేదు కదండీ."

"బాగోలేదని కోస్తే, కోసిన చోట మళ్ళీ రాదని చెప్పలేం. మీ వయసులో ఇది పడుకుని ఉన్న పాము లాంటిది. లేపడం ఎందుకు?"

శివరామరాజుగారికి ఆ జవాబు నచ్చలేదు. పెళ్ళిలో జరిగింది చెప్పి ఇంకోసారి అడుగుదామా అని ఆలోచిస్తున్నారు. ఈలోగా డాక్టరు చీటీ రాసి ఇస్తూ తలెత్తి, ఆయన వెనక నిలబడ్డ జానకిని చూసింది. జానకి కుడికంటిని చీర కొంగుతో అద్దుకుంటోంది. కళ్ళ చుట్టూ ఎండకు కమిలిన చర్మం ఉంది.

"మీరోసారి ఇలా కూర్చోండమ్మా."

"నాకేం లేదండీ. దుమ్ము పడింది."

"కూర్చోండి."

కూర్చుంది. ఆ కుడికంటిని డాక్టరు మామగారి కళ్ళకంటే చాలా ఎక్కువసేపు చూసింది. అక్షరాల బోర్డు చదివించింది. ఎడమ కంటితో అట్టడుగు వరసదాకా చదివిన జానకి, కుడికంటితో సగం దాటలేకపోయింది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నాలుగేళ్ళ నుంచి ఎర్రబడుతూ ఉందండీ. మందుల షాపులో చుక్కలు తెచ్చుకుంటున్నాను. వేస్తే ఓ వారం తెల్లబడుతుంది."

"ఆ చుక్కలు ఇక వేయకండి. ఎరుపు తగ్గుతుంది కానీ అది పెరగడం మానదు. మీ మావయ్యగారి కంట్లో ఉన్నదే మీకూ ఉంది. కానీ ఆయనది పలచగా తెల్లబడిపోయింది. మీది ఎర్రగా, మందంగా ఉంది. కంటిపాప వైపు వస్తోంది. ఆపరేషన్ చేసి తీయాలి." డాక్టరు కాగితం మీద కన్ను బొమ్మ గీసి చూపించి, అడిగింది: "ఎండలో ఎక్కువ తిరుగుతారా?"

జానకి నోరు తెరిచేలోపే శివరామరాజుగారు అందుకున్నారు. "లేదండీ. మా ఇంటి ఆడవాళ్ళు గట్లెక్కరు. చెరువుల పని మా అబ్బాయి చూసుకుంటాడు."

డాక్టరు ఆయన మాట విని తల ఊపి, మళ్ళీ జానకినే అడిగింది. "మీరు చెప్పండమ్మా. మా దగ్గరికి దీనితో వచ్చేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. మగవాళ్ళైనందుకు కాదు, రోజంతా ఎండలో, నీళ్ళ మీద తళతళ ముందు ఉంటారని. ఊడ్పులకీ కోతలకీ వెళ్ళే ఆడవాళ్ళలో మగవాళ్ళతో సమానంగానే చూస్తాను. ఇంటిపట్టున ఉండేవాళ్ళకి మహా అయితే వయసు మీద పడ్డాక తెల్లగుడ్డు మీద చిన్న పసుపు బొడిపె వస్తుంది, అది అక్కడే ఉండిపోతుంది. ముప్ఫైల్లో, ఇంట్లో ఉండే మనిషికి ఇలాంటిది నేను చూడలేదు. అందుకే అడుగుతున్నాను."

జానకి మామగారి వైపు చూసింది. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు.

"వెళ్తానండీ," అంది. "ఆయన పడిపోయిన దగ్గర్నుంచి నేనే వెళ్తున్నాను. పొద్దున్నా, మధ్యాహ్నం మేత ట్రేలు చూసే వేళకీ, సాయంత్రమూ."

"మరి టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకోరా?"

"పెట్టుకోనండీ."

"ఎందుకని?"

జానకి కొంగు సర్దుకుంది. "అవి పెట్టుకుంటే పనికి వెళ్తున్నట్టు ఉంటుందండీ. కొంగు కప్పుకుని వెళ్తే, ఊరికే ఓసారి చూసొద్దామని వెళ్ళినట్టు ఉంటుంది."

డాక్టరు కన్ను బొమ్మ గీసిన కాగితం మళ్ళీ ముందుకు జరిపింది. ఆపరేషన్ గురించి చెప్పింది. కండ తీసేసి, అదే కంట్లో పైరెప్ప కింద నుంచి పలచటి పొర తీసి ఆ ఖాళీలో అతికిస్తారు. నొప్పి పెద్దగా ఉండదు. కానీ తర్వాత కొన్ని నెలలు ఎండ, దుమ్ము, చెరువు నీళ్ళు తగలకూడదు. "ముఖ్యంగా మీరు జాగ్రత్తగా ఉండాలి. పెద్దవాళ్ళకి తీస్తే మళ్ళీ రావడం తక్కువ. మీ వయసు వాళ్ళకే తిరిగి వస్తుంది. వస్తే మొదటిదానికంటే మొండిగా వస్తుంది."

తిరుగు ప్రయాణంలో ఊరు దగ్గరపడింది. యనమదుర్రు కాలువ వంతెన దాటాక శివరామరాజుగారు అన్నారు:

"అంతకాలం నుంచీ, మూడు పూటలా?"

"అవునండీ."

"అప్పుడప్పుడు వెళ్తున్నావనుకున్నాను."

"మీకు తెలుసు మావయ్యగారూ," అంది జానకి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ఆయన కాదనలేదు.

నిజానికి ఊళ్ళో అందరికీ తెలుసు. పనివాళ్ళకు తెలుసు, పక్క చెరువుల రైతులకు తెలుసు. తెలిసినా ఎవరూ పైకి అనరు. ఆ ఇంట్లో పనంతా ఒక పద్ధతిలో నడిచేది. జానకి గట్టు మీద నుంచి వచ్చి, ట్రేలో మేత ఎంత మిగిలింది, నీళ్ళ రంగు ఎలా ఉంది, రొయ్య పేగు నిండుగా ఉందా లేదా అన్నీ చెప్పేది. చైతన్య విని ఫోను తీసి, మేత డీలరుకో, నీళ్ళు పరీక్షించే ల్యాబుకో చెప్పేవాడు: "ఇవాళ పొద్దున్న ట్రే చూశానండీ. మేత కొంచెం మిగులుతోంది." అప్పుడు జానకి వంటింట్లో ఉండేది. ఆ మాట ఆమెకు మొదట్లో గుచ్చుకునేది. తర్వాత అలవాటైంది.

ఆపరేషన్ మాట చెప్పగానే చైతన్య అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నాళ్ళు బయటికి వెళ్ళకూడదట?"

అడిగిన వెంటనే ఆ ప్రశ్న ఎలా వినబడిందో అతనికే అర్థమైంది. "అదికాదు, పంట సగంలో ఉంది కదా అని. రొయ్యల పట్టుబడి అయ్యాక చేయిస్తే?"

"డాక్టరుగారు ఆలస్యం చేయొద్దన్నారు," అంది జానకి. కానీ గట్టిగా అనలేదు. పట్టుబడి అయ్యాక అయితే బాగుంటుందని ఆమెకూ ఉంది. ఆ చెరువుల్లోని రొయ్యపిల్లలు వదిలిన రోజు నుంచి ఆమె చేతుల మీదే పెరిగాయి.

శివరామరాజుగారు పక్క గదిలో నుంచి వచ్చారు. "ఆగడం ఎందుకు? ఈ వారమే చేయించుకో. గట్టు మీదికి నేను వెళ్తాను."

"ఈ వయసులో ఎండలోనా నాన్నగారూ?"

"నా కళ్ళకి ఇక ఎండ వల్ల వచ్చేదేం లేదట. డాక్టరమ్మే చెప్పింది," అన్నారాయన. డాక్టరు సరిగ్గా అలా చెప్పలేదు. ఎవరూ దిద్దలేదు.

ఆపరేషన్ సులువుగానే అయింది. జానకి మెలకువగానే ఉంది. మొహం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. కంటి ముందు వెలుతురు ఒక్కటే తెలుస్తోంది. మధ్యలో ఓసారి డాక్టరు, "కిందికి చూడండమ్మా, ఇంకా కిందికి," అంది. అంతసేపు ఏ పనీ చేయకుండా వెల్లకిలా పడుకోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారేమో అని జానకికి అనిపించింది. సాయంత్రానికి కంటికి కట్టుతో ఇంటికి వచ్చింది.

శివరామరాజుగారు మర్నాటి నుంచి చెరువులకు వెళ్ళసాగారు. ఆయనకు తెలిసింది చేపల పెంపకం. అవి బొచ్చె, శీలావతి రోజులు. తవుడు సంచులు కట్టి వేలాడదీస్తే చేపలు వచ్చి తినేవి. రొయ్య సంగతి వేరు. చైతన్య రొయ్యల్లోకి దిగాక ఆయన గట్టు ఎక్కడమే తగ్గించేశారు. చెరువుల దగ్గర కాపలా ఉంటూ మేత వేసే ఏసురాజు ఆయన్ని చూసి షెడ్డులో నుంచి కుర్చీ తెచ్చి వేశాడు.

"అమ్మగారికి ఎలా ఉందండీ?"

"బాగానే ఉంది. ఓ రెండు నెలలు నేనే వస్తాను. ఏం చేయాలో చెప్పు."

ఏసురాజు మొహమాటపడ్డాడు. "ఆయ్. నేను చెప్పేదేముందండీ. అమ్మగారు ట్రే చూసి ఎంత వెయ్యమంటే అంత వేస్తానండీ. నీళ్ళు కూడా ఆవిడే చూస్తారు. ఇటుపక్క మూల నిలబడి చూస్తారండీ, ఎండ నీళ్ళలోకి దిగేది అటు నుంచేనని."

ఆ మూల నిలబడితే పొద్దు సరిగ్గా ఎదురుగా ఉంది. నీళ్ళ మీద నుంచి వెలుగు మొహాన కొట్టింది. శివరామరాజుగారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. రోజూ ఇక్కడే నిలబడిందన్నమాట అనుకున్నారు.

కొన్ని రోజులు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. తర్వాత ఆకాశం మబ్బుపట్టి, రెండు రోజులు ఎండ మొహం కనబడలేదు. మూడో రోజు పొద్దున్న ఆయన వెళ్ళేసరికి ట్రేలలో మేత అలాగే ఉంది. గట్టు వారన రొయ్యలు పైకి తేలి ఈదుతున్నాయి. ఏసురాజు కంగారుగా మోటార్ల వైపు పరుగెత్తాడు. శివరామరాజుగారు ఫోను తీశారు. కొడుకు పేరు పైనే ఉంది. దాన్ని దాటి కోడలి పేరు నొక్కారు.

"అమ్మా జానకీ. రొయ్య పైకొచ్చింది. మేత ముట్టలేదు. ఏం చేయమంటావు?"

జానకి మంచం మీద లేచి కూర్చుంది. "అన్ని చెరువుల్లోనా మావయ్యగారూ?"

"కాలువ పక్క చెరువులోనే."

"నీళ్ళు ఏ రంగున ఉన్నాయి?"

"ఆకుపచ్చే."

"నిన్నటి ఆకుపచ్చేనా?"

ఆయన వంగి చూశారు. "నిన్నటికంటే పలచబడ్డాయి. నురగ కూడా ఉంది."

"మబ్బుకి నీళ్ళలో నాచు చచ్చింది. గాలి చాలడంలేదు వాటికి. ఏరియేటర్లు అన్నీ తిప్పించండి, ఒక్కటి కూడా ఆపొద్దు. ఇవాళ ఆ చెరువులో మేత వేయొద్దు. ఏసురాజు జాలిపడి గుప్పెడు వేస్తానంటాడు, వేయనివ్వకండి. మధ్యాహ్నానికి కిందికి దిగకపోతే నాకు చెప్పండి, నేను వస్తాను."

"నువ్వు రావద్దు," అన్నారాయన.

మధ్యాహ్నానికి రొయ్యలు కిందికి దిగాయి. కొన్ని చనిపోయాయి, వాటిని ఏరించి పూడ్పించారు. ఎక్కువ నష్టం జరగలేదు.

ఆ వారంలోనే సరుకు చూడటానికి గణేష్‌బాబు వచ్చాడు. ఎగుమతి కంపెనీల తరఫున చెరువులు తిరిగి రొయ్యలు కొనే మనిషి. విసురువల వేయించి, రొయ్యను వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, "సరుకు బాగుందండీ. చైతన్యరాజుగారు గట్టిగానే కనిపెట్టుకుని ఉన్నారు," అన్నాడు. ఏళ్ళ తరబడి అతను అంటున్న మాటే. దానికి ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు అవునంటున్నారు.

"మావాడు కాదు," అన్నారు శివరామరాజుగారు. "మా కోడలు. పట్టుబడి ఎప్పుడన్నది కూడా ఆవిడతోనే మాట్లాడండి. ఫోన్ నంబరు ఇస్తాను."

గణేష్‌బాబు ఏమీ ఆశ్చర్యపోలేదు. "అలాగేనండి," అని నంబరు రాసుకున్నాడు. ఏసురాజు వలలో చిక్కిన నత్తలు తీస్తూ తల దించుకుని నవ్వుకున్నాడు.

ఆ సాయంత్రం గణేష్‌బాబు జానకికి ఫోను చేశాడు. ఆమె వరండాలో కూర్చుని మాట్లాడింది. లోపల నుంచి చైతన్య అంతా విన్నాడు. ఆమె ఫోను పెట్టేశాక వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఎక్కువసేపు నిలబడితే నడుము లాగుతుంది, అయినా కూర్చోలేదు.

"నాన్నగారు ఊరందరి ముందూ నన్ను పనికిరానివాణ్ణి చేసేశారు."

"ఊరందరి ముందు ఏం కాదు. గణేష్‌బాబుకి చెప్పారు."

"గణేష్‌బాబుకి చెప్తే ఊరందరికీ చెప్పినట్టే."

"ఊరందరికీ ముందే తెలుసండీ," అంది జానకి. "తెలియనట్టు ఉన్నది మనం ముగ్గురమే."

చైతన్య మొహం మాడిపోయింది. "అంటే ఇన్నాళ్ళూ నేను అబద్ధాలు చెప్పానంటావు."

"నేనూ చెప్పాను కదా. కంట్లో దుమ్ము పడిందని చెప్పాను. అలా చెప్పి చెప్పి ఇక్కడిదాకా తెచ్చుకున్నాను." ఆమె గొంతు పెంచలేదు. "మేత ధరలు మాట్లాడటం, ల్యాబు వాళ్ళతో పోట్లాడటం నాకు చేతకాదు. అవి మీరే చేశారు. మీరేం చేయలేదని ఎవరన్నారు? గట్టెక్కింది నేను. అంతే."

అతను లోపలికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు. శివరామరాజుగారు కూడా కదిలించలేదు. మూడో రోజు మేత డీలరు ఫోను చేసి ట్రేల సంగతి అడిగితే, చైతన్య "ఉండండి, ఆవిడకి ఇస్తాను," అని ఫోను జానకికి అందించాడు. ఇచ్చి అక్కడే నిలబడలేదు. ఆ సర్దుబాటు అతనికి సులువుగా జరగలేదు, తర్వాత కూడా ఒకటి రెండుసార్లు ట్రే తనే చూశానని మాట జారాడు. కానీ జరిగింది.

పట్టుబడిలో రొయ్య అనుకున్న కౌంటుకే, కిలోకి ఎన్ని తూగాలనుకున్నారో అన్నే తూగేలా వచ్చింది. డాక్టరు సరేనన్నాక ఆ రోజు జానకి గట్టు మీదికి వెళ్ళింది. వెడల్పు అంచు టోపీ, చెంపల దాకా కప్పే నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. అవి భీమవరంలో తనే వెళ్ళి కొనుక్కుంది. దారిలో చైతన్య పెద్దమ్మ పెద్దింట్లమ్మగారు గేటు దగ్గర నిలబడి చూసి, "ఏంటమ్మా ఆ వేషం, మగరాయుడిలాగ?" అంది.

"పనికి వెళ్తున్నానండీ పెద్దమ్మగారూ," అని బండి ఆపకుండానే చెప్పి వెళ్ళిపోయింది జానకి.

ఆపరేషన్ అయిన ఐదు నెలలకి కుడికంట్లో, పొర అతికించిన చోట, ఎర్రటి సన్న గీత మళ్ళీ కనబడింది. అద్దంలో మొదట చూసుకున్నది జానకే. అన్ని జాగ్రత్తలూ పడ్డాక కూడా ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. మర్నాడు శివరామరాజుగారే పక్కన కూర్చుని ఆమెతో భీమవరం వెళ్ళారు.

డాక్టర్ గీతిక చూసి ఒక ఇంజెక్షన్ చేసింది, చుక్కలు మార్చింది. నెల తర్వాత మళ్ళీ చూసింది. ఆ గీత నల్లగుడ్డు అంచుదాకా వచ్చి అక్కడ ఆగింది.

"మీ తప్పేం లేదమ్మా," అంది. "మీ వయసులో దానికి దూకుడు ఎక్కువని ముందే చెప్పాను కదా. ఇప్పటికి ఆగింది. ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోండి."

"ఎన్నాళ్ళు రావాలండీ?"

"నలభై ఐదు, యాభై దాటాక దానంతటదే నెమ్మదిస్తుంది."

జానకి నవ్వింది. "ముసలిదాన్ని కావాలని కోరుకోవడం ఇదే మొదటిసారండీ."

ఇంటికి వచ్చాక ముగ్గురూ కూర్చుని పని పంచుకున్నారు. పొద్దున్నా సాయంత్రం చెరువులు చూడటం జానకి వంతు. ఎండ నిలువునా కాసే మధ్యాహ్నపు వేళ మామగారిది. ఆయన కూడా కళ్ళద్దాలు పెట్టుకోవాలని డాక్టరు చెప్పింది, ఆయన పెట్టుకుంటానని చెప్పి పెట్టుకోరు. కంటి ఎరుపు అలాగే ఉంది. చైతన్య కాగితాలు, ఫోన్లు చూసుకుంటాడు. నడుము అనుకూలించిన రోజు కారులో గట్టు మొదటిదాకా వచ్చి, అద్దం దించి, ఏసురాజుతో మాట్లాడి వెళ్తాడు.

ఇప్పుడు మధ్యాహ్నాలు జానకి ఇంట్లోనే ఉంటోంది. మొదట్లో ఏం చేయాలో తోచక గది గదికీ తిరిగేది. తర్వాత భోజనం చేసి, తలుపు దగ్గరగా వేసుకుని, కాసేపు నిద్రపోవడం నేర్చుకుంది.